ఎలుకలకు పెట్టిన గింజలు

పని ఇదీ

రిటైరైన కొత్తల్లో ఖమ్మంలో ఒక పెళ్లికి వెళ్తే, మా దూరపు చుట్టం ఒకావిడ నన్ను పక్కనున్నామెకు పరిచయం చేస్తూ "ఈమె ఎలుకల మందు మేడం" అంది. ఆమె తప్పేం లేదు. నా హోదా పూర్తిగా పలకాలంటే మా శాఖను చూసిన మంత్రులకే నోరు తిరిగేది కాదు. క్లుప్తంగా చెప్పాలంటే నేను విషాల డాక్టర్ని. పొలాల్లోనూ ఇళ్లలోనూ వాడే మందులు మనిషి కడుపులోకి ఏ దారిన పోతాయి, పోతే ఎవరికి ఎంత ముప్పు అని అంచనా కట్టి సర్కారుకు చెప్పడం నా పని. సర్కారు విన్నదా లేదా అన్నది వేరే సంగతి.

ఈ మధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి సలహాలు అడిగారు. కంప్యూటర్లో ఏ ప్యాకేజీ నేర్చుకోవాలి, ఏ కోర్సు చేస్తే బయట గుర్తింపు వస్తుంది అని. టీ ఇచ్చి పంపించాను. అవి నాకు తెలియవు. ప్రమోషన్ల గురించి అసలే అడగొద్దన్నాను, నాకు వచ్చినవే అంతంత మాత్రం. వాళ్లు వెళ్లాక మాత్రం మనసు ఊరుకోలేదు. చెప్పాల్సింది ఒకటుంది, అది చెప్పకుండా పంపించానే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పు అంచనాలో రెండు ప్రశ్నలుంటాయి. మందు ఎంత చెడ్డది? అది ఎవరి నోటిదాకా వస్తుంది? మొదటిదానికి జవాబు పుస్తకాల్లో ఉంటుంది, ల్యాబులో ఉంటుంది. రెండోదానికి జవాబు ఊళ్లలో ఉంటుంది, కానీ మేము దాన్ని ఆఫీసులో కూర్చుని ఊహించేవాళ్లం. ఆఫీసర్ ఊహ తన ఇంటి వంటగది దాటి పోదు. తన ఇంట్లో తిననిది లోకంలో ఎవరూ తినరనే ధీమా మీద ఎన్నో అంచనాలు తయారయ్యాయి. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

"మందు ఎందుకు తాగినవ్?"

వానలు వెనకపడుతున్న రోజులు. టేకులపల్లి అవతలి అడవి పల్లెల నుంచి డెంగీ కేసులు వస్తూనే ఉన్నాయి. ఆ దారిలోని ఒక సర్కారు దవాఖానాలో నరేశ్ అనే యువ డాక్టర్ పనిచేసేవాడు. ఒకప్పుడు నేను చెప్పిన శిక్షణ తరగతిలో, భోజనాల తర్వాత అందరూ కునికిపాట్లు పడుతుంటే లేచి ప్రశ్నలడిగిన మనిషి. అతను ఒక రోజు ఫోన్ చేశాడు.

"మేడం, ఒక్కటే గూడెం నుంచి ముగ్గురు ఆడోళ్లు వచ్చిన్రు. చిగుళ్లకెళ్లి రక్తం కారుతుంది. జ్వరం లేదు. ప్లేట్‌లెట్లు మంచిగనే ఉన్నయ్. డెంగీ అయితే కాదు."

"పాము కరిచిందేమో చూశావా?"

"ముగ్గుర్ని చూసి చూసి ఒక్కటే పాము కరుస్తదా మేడం?"

నవ్వొచ్చింది కానీ నవ్వే సంగతి కాదు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో పరీక్ష చేయించమన్నాను. శాంపిల్ ఖమ్మం పంపారు. ముగ్గురి రక్తమూ గడ్డకట్టాల్సిన వేళకు గడ్డకట్టలేదు. జోగమ్మ అనే ఆమెదైతే మరీ అధ్వాన్నం. కారు కిరాయికి మాట్లాడుకుని బయల్దేరాను.

ఆ రోగం ఏమిటో దారిలోనే నాకు అర్థమైంది. మన రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకును కాలేయం తయారుచేస్తుంది. అందుకు దానికి విటమిన్ కె కావాలి. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు ఆ విటమిన్‌ను పనిచేయనివ్వదు. తిన్న రోజు ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. కొన్ని రోజులు గడిచాక చిగుళ్లలోంచి, ముక్కులోంచి రక్తం మొదలవుతుంది. చిన్న దెబ్బ తగిలినా లోపల కారుతూనే ఉంటుంది. తెలియనిదల్లా అది ఈ ముగ్గురి కడుపులోకి ఎలా పోయిందన్నదే.

దారిలోంచే నరేశ్‌కు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. విషం కేసు కాబట్టి నాకంటే ముందే ఒక కానిస్టేబుల్ వచ్చి వెళ్లాడు. ముగ్గురు ఆడవాళ్లు, ఎలుకల మందు అనగానే ఆయనకు కథంతా తెలిసిపోయింది. ఇంట్లో కొట్లాటలు, అందుకే తాగారు అని తీర్మానించాడు. నేను వెళ్లేసరికి జోగమ్మ మంచం మీద కూర్చుని, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంది. ముప్పై దాటి ఉండవు. నన్ను చూడగానే గుడ్డ తీసి మరీ గొడవకు దిగింది.

"నువ్వు గుడ అదే అడుగుతవా? మందు ఎందుకు తాగినవ్ అని? మందు తాగెటంత కష్టం నాకేమొచ్చింది? మా ఆయన మంచోడే. జరంత సోమరి, గంతే."

పక్కన నేల మీద కూర్చున్న ఆమె అత్త బుచ్చమ్మ "గంతే" అని కోడలికి వంత పాడింది. కొడుకు సోమరితనం మీద ఆ ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం ఉన్నట్టుంది.

"నేను అది అడగను జోగమ్మా. కోతలు మొదలైనకాంచి మీ ఇంట్ల ఏమేం వండుకున్నరో చెప్పు చాలు" అన్నాను.

ఇది ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట. మందు తిన్నావా అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు, అది నిజం కూడా. ఎవరూ మందు తినరు, అన్నం తింటారు. అన్నం గురించి అడగాలి.

రేషన్ బియ్యం, వాగు చేపలు, లేత వెదురు కొమ్ములు, మక్క గట్క అని అత్తాకోడళ్లు ఒకరికొకరు అందిస్తూ చెప్పారు. మొక్కజొన్నలను ఇసుర్రాయిలో విసిరి, ఆ రవ్వను గట్టిగా ఉడికిస్తే గట్క. ఆ మక్కలు ఎక్కడివని అడిగాను.

"ఎక్కడియేంది? చేను గట్లల్ల తవ్వినయ్" అంది బుచ్చమ్మ, ఇంత కూడా తెలియదా అన్నట్టు.

గట్టు తవ్వడం

ఆ పక్క కోతలయ్యాక గూడెం ఆడవాళ్లు గడ్డపారలు పట్టుకుని చేల గట్లు తవ్వుతారు. ఎలుకలు బొరియల్లో దాచుకున్న గింజలు బయటికి తీస్తారు. పాత బొరియ దొరికిందంటే చాటల కొద్దీ గింజలు. దొరికిన ఎలుకలను కాల్చి కూర వండుతారు. రైతుకు గట్లు శుభ్రమవుతాయి, తవ్వినవాళ్లకు గింజలు. ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు, ఎప్పట్నించో నడుస్తున్న ఏర్పాటు. ఆకలికి ఏరుకునే గింజలని అనుకోకండి. నలుగురాడవాళ్లు కలిసి చేసే పని అది, తవ్వినంతసేపూ నవ్వులూ మోటు హాస్యాలూ. గట్టు గింజల గట్క రుచే వేరని బుచ్చమ్మ నాకు చెప్పింది.

"ఈసారి చేనుల ఎలుకల మందు పెట్టిన్రని మీకు తెల్వదా అవ్వా?"

"తెలుసు. పాలేరొచ్చి చెప్పిండు. మందు పెట్టినం, ఎలుకల్ని తినకుండ్రి అన్నడు. మేం ముట్టలే. సచ్చినయన్ని పారేసినం. ఒక్కటి గుడ తినలే."

"మరి గింజలు?"

"ఎలుకలు సచ్చినయ్. గింజలకేమైంది? ఎనుకటి మందుకు ఎలుక గింజ నోట్ల పెట్టుకుని ఆడనే సచ్చేది. అప్పుడు మేం ఆ బొరియ జోలికే పోకపోయేది. గీ ఎలుకలు ఎక్కడెక్కడనో సచ్చినయ్, ఎన్నాళ్లకో సచ్చినయ్. గింజల్ల మందు ఉంటే ఆడనే సావాలె గద? అయినా వాగుల మంచిగ కడిగినం, ఎండబెట్టినం."

ఆమె చెప్పిన దాంట్లో తర్కం తప్పు ఎక్కడా లేదు. పాత మందులు వెంటనే చంపేవి. ఈ కొత్త మందును నిదానంగా చంపేటట్టు తయారుచేశారు, ఎందుకంటే ఒక ఎలుక తిని అక్కడే చస్తే మిగతా ఎలుకలు ఆ గింజ ముట్టవు. ఎలుకలను మోసం చేయడానికి చేసిన ఏర్పాటు, పక్కనే ఉన్న మనుషులను కూడా మోసం చేసింది. ఎలుకలను బాగా ఎరిగిన మనుషులు కాబట్టే మోసపోయారు. నూనెతో పట్టించిన మందు వాగు నీళ్లకు పోదు, పొయ్యి మీద ఉడికినా పోదు.

రైతు గారి మాట

ఆ చేను సుబ్బారావు గారిది. వాళ్ల నాన్న ఎప్పుడో కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. చెడ్డ మనిషని నేననను. నన్ను చూడగానే కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు.

"మేడమ్ గారూ, నేను ఎలుకలకి పెట్టానండీ. వాళ్ల అన్నంలో కలిపానా? పైగా మా పాలేరుతో చెప్పించాను కూడా."

"నూకల్లో కలపమని ప్యాకెట్ మీద ఉంటుంది కదండీ?"

"ఆ టైముకి నూకలు లేవండీ. ఇంట్లో మొక్కజొన్న గింజలుంటే వాటికే పట్టించేశాను. ఎంత బాగా పనిచేసిందనుకున్నారు! సాయంత్రం పెడితే పొద్దుటికి ఒక్క గింజ లేదు. మొత్తం తినేశాయండీ."

"తినలేదు సుబ్బారావు గారూ, దాచుకున్నాయి" అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మజ్జిగ గ్లాసు కింద పెట్టి "అయ్యో రామా" అన్నాడు. నూకను ఎలుక అక్కడే తింటుంది. నిండు గింజను మోసుకుపోయి, చేలో ఏరి తెచ్చుకున్న గింజలతో పాటే బొరియలో పోగేస్తుంది. మందు పట్టిన గింజకూ పట్టని గింజకూ కంటికి తేడా తెలియదు. సుబ్బారావు గారు ఎలుకలకు పెట్టారు. ఎలుకలు జాగ్రత్తగా తీసుకెళ్లి బుచ్చమ్మ గడ్డపార తగిలే చోట భద్రం చేశాయి.

సున్నా

అదే సమయంలో హైదరాబాదులో ఆ మందు వల్ల మనుషులకు ముప్పెంత అని ఒక కమిటీ కూర్చుని ఉంది. అందులో నేనొక సభ్యురాలిని. ముసాయిదా అప్పటికే తయారు. మందు కలిపే కూలీలకు ఇంత, పిల్లలు పొరపాటున నోట్లో పెట్టుకుంటే ఇంత. తిండి ద్వారా ముప్పు అన్నచోట సున్నా. కారణం కూడా రాశారు, తినే ధాన్యానికి ఈ మందు కలపరు కాబట్టి అని.

నేను గూడెం సంగతి అంతా రాసిచ్చాను. రెండు అడిగాను. ఒకటి, నిండు గింజల్లో కూడా కలపడానికి వీలయ్యే పొడి అమ్మకం ఆపించి, చూడగానే మందని తెలిసేటట్టు రంగు వేసిన బిళ్లలుగా మాత్రమే అమ్మించాలని. రెండు, అడవి ప్రాంతపు ఆసుపత్రులన్నిటికీ విటమిన్ కె మాత్రలు పంపాలని.

మా డైరెక్టర్ తెలివితక్కువవాడు కాడు. నా బాధంతా అదే. మూర్ఖుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన నేను రాసింది మొదటి నుంచి చివరి దాకా చదివాడు, నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"అమ్మా, నువ్వు రాసింది నిజమే. కానీ రాయలేం. అడవి పల్లెల్లో జనం ఎలుక బొరియల్లో గింజలు తింటున్నారని మన శాఖే రాసిస్తే, రేపు పేపర్లవాళ్లు ఆకలి అని రాస్తారు. మంత్రిగారు నన్ను పిలుస్తారు. నిన్ను కాదు."

"ఆకలి కాదు సర్. ఇష్టంగా తింటారు."

"ఇష్టంగా తింటారంటే ఇంకా అధ్వాన్నం."

ఎంత వాదించినా సున్నా సున్నాగానే ఉండిపోయింది. నన్ను బుజ్జగించడానికి చివర ఒక వాక్యం చేర్చారు, ఎలుక బొరియల్లోని ధాన్యం తినరాదని ప్రజలకు ప్రచారం చేయాలి అని. పైన ముప్పు లేదు, కింద తినొద్దు. ఎవరూ తినని దాన్ని తినొద్దని ఎవరికి చెప్పాలో ఆ కమిటీలో ఒక్కరూ అడగలేదు. ఆ వాక్యం దక్కినందుకు నేను సంతోషించాను కూడా.

పిల్లలూ, కమిటీలో సున్నా కనిపిస్తే దాని వెనక ఎవరున్నారో చూడండి. ముప్పు లేక సున్నా రావచ్చు. మనుషులను లెక్కపెట్టక సున్నా రావచ్చు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి.

మాత్రలు

విటమిన్ కె ఇంజెక్షన్లు పడ్డాక ముగ్గురికీ రక్తం ఆగింది. మిగతా ఇద్దరూ ఆ గింజలు కొద్దిగానే తిన్నారు, జల్దీ కోలుకున్నారు. జోగమ్మకు గట్క ఇష్టం. ఇంట్లో మిగతావాళ్లు రేషన్ బియ్యం వండుకున్నా ఆమెకు మూడు పూటలా అదే. ఈ మందు కాలేయంలో ఒకసారి చేరితే వారాల్లో పోదు, నెలలు పడుతుంది. అంతకాలమూ విటమిన్ కె మాత్రలు వేస్తూ ఉండాలి. ఆపితే రక్తం మళ్లీ పలచబడుతుంది. నరేశ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. జోగమ్మకు కూడా ఓపిగ్గా చెప్పాడు.

మాత్రల కోసం జిల్లా మందుల స్టోర్‌కు రాస్తే అక్కడి ఆఫీసర్ నాకే ఫోన్ చేశాడు. "మేడం, తిండితోని ఈ రోగం రాదని మీ కమిటీయే రాసిందట గద. లేని రోగానికి నేను మాత్రలు ఎట్ల పంపాలె?" అతన్ని ఏమని తిట్టను? నిబంధన ప్రకారం అతనే కరెక్టు.

కొన్నాళ్లు నరేశ్ ఖమ్మంలో కొని ఇచ్చాడు, కొన్నాళ్లు నేను పంపాను. ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ జోగమ్మ కూలి పోయేది, అయినా వచ్చేది. "నీ మాత్రలతోని కడుపు నిండితే మంచిగుండు" అని నరేశ్‌ను ఆటపట్టించేదట. అంతలో అతన్ని జాతర డ్యూటీకి పంపారు. వెళ్లేముందు జోగమ్మ సంగతి కొత్తగా వచ్చిన డాక్టర్‌కు చెప్పే వెళ్లాడు. కొత్తాయన పరీక్ష చేయించాడు. రక్తం బాగానే గడ్డకట్టింది. మనిషి ఆరోగ్యంగా ఉంది, పరీక్ష బాగుంది, ఇక మాత్రలెందుకని ఆపేశాడు.

పరీక్ష బాగున్నది మాత్రల వల్లే. అవి ఆపాక వచ్చే పరీక్షే అసలు పరీక్ష. కొత్తాయనను నేను తర్వాత కలిసి ఈ మాట ముఖం మీదే అన్నాను. అతను, "ఈ రోగం గురించి మాకు ఎక్కడా గైడ్‌లైన్ రాలేదండి" అన్నాడు. ఎలా వస్తుంది? రాకుండా ఆపిన కమిటీలో నేనూ కూర్చున్నాను.

మిరప ఏరే రోజులొచ్చాయి. పొద్దున్నే ట్రాక్టర్ ట్రాలీల్లో ఆడవాళ్లను తీసుకెళ్తారు. చేను దగ్గర ట్రాలీ దిగుతూ జోగమ్మ కాలు జారింది. తల ట్రాలీ అంచుకు తగిలింది. నెత్తురు రాలేదు, చిన్న బొప్పి కట్టింది. తోటి ఆడవాళ్లు నవ్వితే తనూ నవ్వి, ఆ రోజంతా మిరపకాయలు ఏరింది. సాయంత్రం తలనొప్పి అంది. పొద్దున లేపితే మాట రాలేదు. భద్రాచలం తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. తల లోపల కారిన రక్తం ఆగలేదు.

మనకైతే అది ఒక రోజు నొప్పి పెట్టి మానిపోయే బొప్పి. కాగితాల్లో ట్రాక్టర్ ప్రమాదం అని రాసుకున్నారు. ఎలుకల మందు వల్ల పోయినవాళ్లలో జోగమ్మ లేదు. అలా చూస్తే మా కమిటీ అంచనా అక్షరాలా నిజమైంది. ఈ వాక్యం రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది.

మళ్లీ కోతలు

మరుసటి ఏడు మొక్కజొన్న కోతలప్పుడు నన్ను ఆ గూడేనికే పంపారు. ప్రచారం చేయాలన్న వాక్యం ఉంది కదా, దానికి రంగుల పోస్టర్లు అచ్చయ్యాయి. ఎలుక బొమ్మ, బొరియ బొమ్మ, వాటి మీద అడ్డంగా పెద్ద ఎర్ర ఇంటూ గుర్తు. అంగన్‌వాడీ గోడకు నా చేతులతోనే ఒకటి అంటించాను.

బుచ్చమ్మ వచ్చింది. ఏడాదిలో బాగా తగ్గిపోయింది. చేతిలో గడ్డపార ఉంది. కోడలి మాట ఎత్తుతుందేమోనని నేను భయపడుతూనే ఉన్నాను.

"మేడం, ఈసారి తవ్వుకోవచ్చునా?"

"ఎవరి చేను అవ్వా?"

"సుబ్బారావు సారుదే. ఈసారి గుడ మందు పెట్టిండట. నూకలల్లనా, గింజలల్లనా మాకేం తెలుసు."

"వద్దవ్వా. తవ్వకుండ్రి."

ఆమె తలాడించింది. గోడ మీద పోస్టర్‌ను కాసేపు చూసి, ఏం రాశారో చదివి చెప్పమంది. చదివాను. ఎలుక బొరియల్లోని ధాన్యం తినరాదు.

"ఇది ఎవలకు రాసిన్రు?"

"మీకే."

"అవ్ మరి. సుబ్బారావు సారు గోడకు ఏం అంటించిన్రు?"

నా బ్యాగులో ఇంకా పోస్టర్ల కట్ట ఉంది. అన్నీ ఇవే. ఆయనకు చెప్పే మాట వాటిలో ఒక్కటి కూడా లేదు.